లిల్లోయకి మంగళవారం సరుకులు

మే 2, శుక్రవారం

గాలి ఈశాన్యం. చెవులు తెగిపోయే చలి.

హెర్దిస్‌ని లిల్లోయలో దింపి వచ్చాను. ఇక జూన్ ఆఖరుదాకా ఆవిడ ఆ దీవిలో, నేను ఈ ఒడ్డున. ముప్ఫై ఒక్కేళ్ళ కాపురంలో ప్రతి వసంతం ఇదే తంతు. వాళ్ళమ్మా ఇంతే, వాళ్ళ అమ్మమ్మా ఇంతే. ఆ ఇంటి ఆడవాళ్ళకి మొగుడు లేకపోయినా గడుస్తుంది గాని ఈడర్ బాతులు లేకపోతే పూట గడవదు.

వారం రోజులు నడుం విరిగేలా యాభై గూళ్ళు సర్దాం. రాతి గూళ్ళు, చెక్క గూళ్ళు, ఒకటైతే బోర్లించిన పాత పడవ ముక్క. అన్నిట్లో ఎండిన సముద్రపు నాచు పరిచాం. బాతులు వచ్చి, రొమ్ము మీది నూగు పీక్కుని పరుచుకుని, పొదిగి, పిల్లల్ని తీసుకుని సముద్రంలోకి వెళ్ళిపోతాయి. వదిలేసిన నూగు మనది, బొంతల్లోకి. నిరుడు నలభై మూడు దిగాయి.

ఇక మొదలు. సుత్తి దెబ్బ వినపడకూడదు, పొగ రాకూడదు, జెండా ఎగరకూడదు, చుట్టం రాకూడదు. నా కొత్త నారింజరంగు కోటు చూడగానే మండిపడింది.

"విప్పు ముందు! అవి నిన్ను బూడిదరంగు స్వెట్టర్‌లోనే గుర్తుపడతాయి. ఈ వేషంలో వస్తే ఎవడో అనుకుని లేచిపోతాయి."

"పోన్లే, బాతులైనా గుర్తుపడుతున్నాయి," అన్నాను. కాడ్ చేపల వేట హక్కు అమ్ముకుని టూరిస్టుల్ని తిప్పడం మొదలెట్టినప్పట్నుంచి ఊళ్ళో సగంమంది నన్ను గుర్తుపట్టడం మానేశారు.

నవ్వలేదు. దిగేముందు నా చెయ్యి పట్టుకుంది. "ఐలిఫ్, ఈసారి గనక ఇవి బెదిరాయంటే అయిపోయినట్టే. గూడు పోగొట్టుకున్న బాతు మళ్ళీ ఆ చోటు మొహం చూడదు. అవి రాకపోతే ఇంక నేను మాత్రం ఎందుకు?"

"ఏం కాదులే," అన్నాను. మంగళవారం మంగళవారం సరుకులు తెస్తానన్నాను.

మే 4, ఆదివారం

గాలి లేదు. పదకొండుమంది ఎక్కారు.

చూపించాల్సినవన్నీ చూపించాను. బండల మీద సీల్స్, కొండకొమ్మున మంచు, ఎర్రముక్కు పఫిన్ పక్షులు నీళ్ళ మీద గుంపులు గుంపులుగా. డాల్ఫిన్ లాంటి రెండు పోర్పాయిస్‌లు పడవ పక్కనే వీపులు చూపించి పోయాయి. ఇవన్నీ చూసి ఒకాయన గడియారం చూసుకుని, "గద్ద ఎన్నింటికొస్తుంది?" అని అడిగాడు. రైలు అనుకున్నాడు కాబోలు.

కానీ వస్తుంది. అదీ తమాషా. హెర్రింగ్ చేప పొట్టలోకి సూదితో గాలి ఎక్కించి విసిరితే మునగకుండా తేలుతుంది. తెల్లతోక గద్ద కొండమీంచి వాలి, తలుపంత రెక్కలు చాపి, కాళ్ళతో ఎత్తుకుపోతుంది. అందరూ "ఆఁ" అని అరుస్తారు. నిరుడు ఆగస్టు నుంచి మేపుతున్నాను. ఎడమ రెక్కలో ఒక ఈక లేదు, దాన్నిబట్టి నాకు గుర్తు. దొరగారు అని పిలుస్తాను. నా ఇంజన్ చప్పుడు మైలు దూరం నుంచే పట్టేస్తారు దొరగారు.

నాలాగే టూరిస్టుల్ని తిప్పే కోరె మాత్రం మేపడు. వాడి పడవలో, "కనపడితే చూడండి, కనపడకపోతే సముద్రం చూడండి," అని చెప్తాడట. అందుకే వాడికి ముగ్గురు, నాకు పదకొండుమంది. డెబ్భై ఒక్కేళ్ళొచ్చినా ముసలాడికి పొగరు తగ్గలేదు. ఒకప్పుడు వాడి పడవలోనే వల లాగడం నేర్చుకున్నాను. అందుకని జీవితాంతం వాడి నీతులు వినాలా?

మే 6, మంగళవారం

లిల్లోయకి సరుకులు. కాఫీ పొడి, రొట్టె, మేకపాల జున్ను, చేప ఉండలు. పన్నెండు బాతులు దిగాయట. గుసగుసగా చెప్పింది గాని మొహం వెలిగిపోతోంది.

దొరగారు కొంతదూరం వెంట వచ్చారు. టూరిస్టులు లేకపోయేసరికి పాపం అయోమయం.

మే 9, శుక్రవారం

వాన. ట్రిప్ లేదు. ఒక్కడినే వండుకుని ఒక్కడినే తిన్నాను.

మే 13, మంగళవారం

సరుకులు. ముప్ఫై ఎనిమిది గూళ్ళు నిండాయి. ఒక దాని దగ్గరికి తీసుకెళ్ళి చూపించింది. బాతు కదల్లేదు. హెర్దిస్ చెయ్యి దాని కిందికి పెట్టి గుడ్లు లెక్కపెట్టినా కదల్లేదు. ఐదు. నన్ను మాత్రం ఓ కంట కనిపెడుతూనే ఉంది.

"నిన్నింకా పూర్తిగా నమ్మలేదది," అంది హెర్దిస్.

తిరిగొచ్చేటప్పుడు చూస్తే దొరగారు దీవి ఉత్తరపు కొనన రాళ్ళ గుట్ట మీద కూర్చుని ఉన్నారు. గద్దలన్నాక ఎక్కడో ఒకచోట కూర్చుంటాయి. హెర్దిస్‌తో అనలేదు. ఊరికే కంగారు పడుతుంది.

మే 17, శనివారం

జాతీయ దినం. ఊరంతా జెండాలు, బ్యాండు, పిల్లలకి ఐస్‌క్రీములు. ఆడాళ్ళంతా పట్టు అంచుల గౌన్లలో. నేను ఒంటరి ఎద్దులా నిలబడ్డాను. కోరె పక్కకి వచ్చాడు.

"ఏరా ఐలిఫ్, నీ గద్ద మొన్న లిల్లోయ చుట్టూ తిరుగుతోంది, చూశావా?"

"నా గద్దేంటి? దేవుడి గద్ద."

"దేవుడు హెర్రింగ్‌కి గాలి ఎక్కించడు లేరా."

"నీకు టూరిస్టులు రావట్లేదని నా మీద పడి ఏడుస్తావేం పెద్దాయనా?"

"ఏడుపు కాదురా. ఆ పిల్ల అక్కడ ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటుంది. మానెయ్యి," అన్నాడు. యాభై ఎనిమిదేళ్ళ నా పెళ్ళాన్ని ఇంకా పిల్ల అంటాడు. ఒళ్ళు మండింది. ఐస్‌క్రీమ్ కొనుక్కుని ఇంటికొచ్చేశాను.

మే 20, మంగళవారం

దీవి రేవులో హెర్దిస్ నాకోసం నిలబడే ఉంది. కళ్ళు వాచి ఉన్నాయి.

పదకొండు గూళ్ళు పోయాయి. గద్ద నెత్తిమీద తిరిగితే బాతులు ఒక్కసారిగా లేచి నీళ్ళలోకి దూకాయట. అవి తేరుకుని వచ్చేలోపు సముద్రపు కాకులు దిగి గుడ్లు పొడుచుకు తినేశాయి. కొన్ని చల్లబడిపోయాయి. ఒక పగిలిన గుడ్డు నా చేతిలో పెట్టింది. లోపల పిల్ల ఆకారం కట్టి ఉంది.

"అమ్మ కాలంలోనూ గద్దలుండేవి," అంది. "వచ్చేవి, పోయేవి. ఇది పోవట్లేదు. ఇక్కడికే వస్తోంది, పనున్నట్టు. ఎవరో దీన్ని మేపుతున్నారు ఐలిఫ్. మనుషులంటే భయం లేదు దానికి. ఎవరు?"

"ఏమో. కోరె అయ్యుంటాడు," అన్నాను.

"కోరె? కోరె అలాంటి పని చేస్తాడా?"

"ముగ్గురితో తిరుగుతున్నాడు పాపం. కడుపు కాలితే ఎవరైనా చేస్తారు."

కాఫీ పొడి అయిపోయిందంది. వచ్చే మంగళవారం రెండు పొట్లాలు తెస్తానన్నాను.

మే 21, బుధవారం

అయ్యుంటాడు అన్నాను. వాడే అనలేదు. అయ్యుండొచ్చు కదా. ముసలాడు చాటుగా ఏం చేస్తాడో ఎవడు చూడొచ్చాడు?

మే 22, గురువారం

ఈ తీరంలో గద్దలు ఒకటా రెండా. ఎడమ రెక్కలో ఈక లేనిది ఇంకొకటి ఉండకూడదని రూలేం లేదు.

మే 24, శనివారం

నిన్నా ఇవాళా మేపలేదు. రాసి పెడుతున్నాను, నేను మేపని రోజులు కూడా ఉన్నాయని. దొరగారు పడవ చుట్టూ పదిహేను ప్రదక్షిణలు చేసి, అరిచి అరిచి పోయారు. పద్నాలుగుమంది నా మొహం చూశారు. దిగేటప్పుడు ఒకావిడ, "సీల్స్ మా ఊళ్ళోనూ ఉన్నాయి," అంది.

రేపు రెండు బ్యాచ్‌లు. రెండు చేపలు వేస్తే కొంప మునగదు.

మే 27, మంగళవారం

ఎలా రాయాలో తెలియట్లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

రేవు దాటేసరికే దొరగారు పైన ఉన్నారు. పడవకంటే ముందే లిల్లోయ వైపు పోతున్నారు, దారి తెలిసినట్టు. కడుపు నిండితే బాతుల జోలికి పోదు కదా అనుకున్నాను. సబబే కదా? సగం దూరంలో ఇంజన్ ఆపి నాలుగు చేపలు వేశాను. అన్నీ తింది. తృప్తిగా ఎటో పోయింది. అమ్మయ్య అనుకుని వెళ్ళి సరుకులు దింపాను. హెర్దిస్ కాఫీ పొట్లాలు రెండూ గుండెకి అదుముకుని, "గుర్తుపెట్టుకున్నావే," అంది.

అంతలో వెనక నుంచి గద్ద వచ్చింది. ఆకలేసి కాదు. నేను ఎక్కడ ఆగితే అక్కడ దానికి తిండి ఉంటుందని వచ్చింది. మా ఇద్దరి కళ్ళముందే, గూట్లోంచి బయటపడి పరిగెడుతున్న బాతుని వీపు మీద పట్టుకుని లేపుకుపోయింది. దీవంతా రెక్కల చప్పుడు. హెర్దిస్ అరవలేదు. అరిస్తే మిగతావి కూడా లేస్తాయని నోట్లో చెయ్యి కుక్కుకుంది. చేతి మీద పళ్ళ గాట్లు పడ్డాయి.

పంతొమ్మిది మిగిలాయి.

"కోరెని ఊరికే వదలను," అంది.

నేను ఖాళీ సంచీ మడుచుకుని పడవెక్కాను.

మే 28, బుధవారం

చెప్పేవాణ్ణే. ఆ పరిస్థితిలో ఎలా చెప్పను? ఆవిడ చేతి నుంచి రక్తం కారుతుంటే?

జూన్ 2, సోమవారం

హెర్దిస్ ఊరి సంఘానికి ఫోన్లోనే ఉత్తరం రాసి పంపిందట. కోరె పేరుతో సహా. ఇక్కడ బాతుల దీవి మీద కీడు తలపెట్టడం అంటే మామూలు విషయం కాదు. దుకాణంలో కోరె లోపలికి రాగానే అందరూ గుడ్ల అట్టల వైపు తిరిగారు. ఎవరూ పలకరించలేదు. విచారణ అయ్యేదాకా రేవులో మనుషుల్ని ఎక్కించుకోవద్దని సంఘంవాళ్ళు వాడికి చెప్పారట.

నేను ఆ టైమ్‌లో దుకాణంలో ఉన్నాను. నేనూ గుడ్ల అట్టల వైపే తిరిగాను.

జూన్ 3, మంగళవారం

ఒళ్ళు బాగోలేదని సరుకులు వేరేవాళ్ళ చేత పంపిద్దామనుకున్నాను. కానీ కొత్త మనిషి అడుగు పెడితే బాతులు లేస్తాయి. నేనే వెళ్ళక తప్పదు. వెళ్ళాను. పద్నాలుగు.

జూన్ 5, గురువారం

కోరె ఇంటికొచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. గుమ్మంలోనే టోపీ తీసి పట్టుకుని నిలబడ్డాడు.

"నువ్వొక్క మాట చెప్పరా. నేను నిన్నేం అనను. నీ పెళ్ళాంతో చెప్పు చాలు. సంఘం సంగతి నేను చూసుకుంటాను."

"ఏం చెప్పాలి? నాకేం తెలుసు?"

"ఐలిఫ్."

"నీ తిప్పలు నువ్వు పడు పెద్దాయనా. నన్ను లాగకు."

టోపీ పెట్టుకున్నాడు. "తుఫానులో నీ వల తెగిపోతే నా వల నీకిచ్చాను," అన్నాడు. "అది గుర్తుచేద్దామని రాలేదులే. నోట్లోంచి వచ్చేసింది." వెళ్ళిపోయాడు.

చచ్చేంత సిగ్గేసింది. సిగ్గేస్తే ఏం చేస్తారు మనుషులు? తలుపు వేసుకున్నాను.

జూన్ 10, మంగళవారం

సరుకులు. పదకొండు.

జూన్ 17, మంగళవారం

ఏడు తల్లులు పిల్లల్ని తీసుకుని నీళ్ళలోకి దిగాయి. ఇంకా రెండు పొదుగుతున్నాయి, ఆలస్యంగా దిగినవి. మిగతా గూళ్ళన్నీ ఖాళీ. హెర్దిస్ ఖాళీ గూళ్ళ మధ్య కూర్చుని ఉంది. నూగు ఏరుతోంది. ఒక్క బొంతకి కూడా చాలదు.

"ఈ రెండింటి కోసం ఉంటాను," అంది. ఎడమ దవడ వాచింది. పన్ను.

జూన్ 19, గురువారం

పన్ను నొప్పి భరించలేకపోతున్నానని ఫోన్ చేసింది. రేపు పట్నం నుంచి పళ్ళ డాక్టర్ వస్తున్నాడట, తీసుకెళ్ళమంది. రేపు నాకు మధ్యాహ్నం ట్రిప్ ఉంది.

"సోమవారం దాకా ఆగలేవా?" అన్నాను.

"నాలుగు రోజులుగా పాలు తాగి బతుకుతున్నాను ఐలిఫ్."

"పడవ నిండా జనం. నీకు ఇబ్బంది."

"నాకేం ఇబ్బంది? నీకేమైనా ఇబ్బందా?"

రమ్మన్నాను. ఇంకేం అంటాను?

జూన్ 20, శుక్రవారం

గాలి నైరుతి, తేలిక. ఎండ.

బకెట్ ఇంజన్ గదిలో దాచి మూత పెట్టాను. పన్నెండుమందిని సీల్స్ దగ్గర తిప్పి, వాళ్ళని చప్పుడు చెయ్యొద్దని బతిమాలి, లిల్లోయ వెనక రేవు నుంచి హెర్దిస్‌ని ఎక్కించుకున్నాను. చెంప మీద ఉన్ని శాలువా చుట్టుకుని, ముందు వరసలో కూర్చుంది. నా పడవ టూరిస్టులతో ఉండగా ఎక్కడం ఇదే మొదటిసారి. పఫిన్లని చూసి కాస్త నవ్వింది కూడా. ఒక చిన్న పాపకి వేలుతో పోర్పాయిస్‌ని చూపించింది. అలా ఒడ్డుకి చేరిపోతామేమో అనుకున్నాను.

కొండమీంచి వచ్చింది. నేరుగా. పడవ వెనకే, రెక్క మీద రెక్క వేస్తూ, మనుషులకి మొహం ఆనించేంత దగ్గరగా. అందరూ ఫోన్లు పైకెత్తారు. నేను చుక్కాని వదల్లేదు, వెనక్కి చూడలేదు. ఒక చుట్టు. రెండు చుట్లు. ఎడమ రెక్కలో ఈక లేని ఖాళీలోంచి ఆకాశం కనిపిస్తోంది. హెర్దిస్ లేచి నిలబడింది.

"అదే," అంది. "అదే ఇది."

"గద్దలన్నీ ఒకేలా ఉంటాయి," అన్నాను.

అప్పుడు ఒకాయన, మంచివాడే, సాయం చేద్దామనుకున్నాడు. "మా చెల్లెలు పోయిన నెల మీ పడవలోనే వచ్చింది. చేపలేస్తారు కదా, బకెట్ ఎక్కడ, నేను తేనా?" అని ఇంజన్ గది తలుపు తీసి బకెట్ బయటికి లాగాడు. మూత తీశాడు. హెర్రింగ్‌లు పొట్టలు ఉబ్బి ఉన్నాయి.

హెర్దిస్ ఒక చేప తీసి పొట్ట నొక్కింది. గాలి తుస్సుమంది. చేపని బకెట్‌లో పెట్టేసింది. నా పక్కకొచ్చి నిలబడింది. వాచిన దవడతో మాట సరిగ్గా రావట్లేదు. మెల్లగా, బాతుల దగ్గర మాట్లాడినట్టే మాట్లాడింది.

"మంగళవారాలు కూడా ఈ ఇంజనే కదా?"

"హెర్దిస్, ఇక్కడ కాదు..."

"కాఫీ పొడి అడిగాను. రెండు పొట్లాలు తెచ్చావు. దాన్ని కూడా వెంటబెట్టుకొచ్చావు."

"నేను కావాలని చెయ్యలేదు. కడుపు నిండితే ముట్టదనుకున్నాను. ఒట్టు."

"అయితే తెలుసు నీకు."

చుక్కాని ఒడ్డు వైపు తిప్పాను.

"నేను కోరె పేరు రాశాను," అంది. "నా చేత్తో రాశాను. ముసలాయన పేరు. నీ మాట మీద." శాలువా చెంపకి అదుముకుంది. "బాతులు గద్దకి భయపడ్డాయి, అది వాటి ధర్మం. నువ్వు దేనికి భయపడ్డావు? పన్నెండుమంది టూరిస్టులకా?"

పాప బిక్కమొహం వేసుకుని చూస్తోంది. గద్ద ఇంకా తిరుగుతూనే ఉంది, పాడు గద్ద.

"నన్ను కోరె రేవులో దింపు."

"డాక్టర్ దగ్గరికి..."

"కోరె రేవులో దింపు ఐలిఫ్."

దింపాను. శాలువా సరిచేసుకుని మెట్లెక్కింది. వెనక్కి తిరగలేదు. కోరె తలుపు తీశాడు. దూరం నుంచి మాటలు వినపడలేదు గాని, హెర్దిస్ తల వంచుకుని చాలాసేపు నిలబడటం కనిపించింది. తర్వాత ముసలాడు ఆవిడ భుజం మీద చెయ్యి వేసి లోపలికి తీసుకెళ్ళాడు.

దొరగారు కంచె గుంజ మీద వాలి నన్నే చూస్తున్నారు. ఎవరో, "పాపం, ఒక్కటి వెయ్యండి," అన్నారు. వేశాను. పన్నెండుమంది డబ్బులిచ్చి వచ్చారు, ఏం చెయ్యమంటారు?

జూన్ 21, శనివారం

ఆవిడ పన్ను పీకించుకుని నిన్నే దీవికి వెళ్ళిపోయిందట. దుకాణంలో చెప్పారు. ఇంటికి రాలేదు. సంఘానికి రెండో ఉత్తరం కూడా రాసిందట. అదేమిటో ఎవరూ నాకు చెప్పలేదు. అందరూ గుడ్ల అట్టల వైపు తిరిగారు.

జూన్ 23, సోమవారం

ఊళ్ళో నడివేసవి పండగ మంటలు వేస్తున్నారు. లిల్లోయ వైపు మంట లేదు, అక్కడ రెండు బాతులున్నాయి.

జూన్ 24, మంగళవారం

గాలి లేదు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి.

అయినా సరుకులు సర్దాను. రొట్టె, జున్ను, మెత్తటివి చూసి చేప ఉండలు, కాఫీ పొడి. బూడిదరంగు స్వెట్టర్ వేసుకున్నాను. రేవుకి వెళ్ళేసరికి హెర్దిస్ నుంచి ఒకే ముక్క వచ్చింది ఫోన్‌కి: "నువ్వు రావద్దు. కోరె తెస్తున్నాడు."

కొత్త మనిషి వెళ్తే బాతులు లేస్తాయి కదా అని రాయబోయి, చెరిపేశాను. దుర్భిణి తీసి చూశాను.

నీళ్ళ మధ్యలో చిన్న చెక్కపడవ. డెబ్భై ఒక్కేళ్ళ ముసలాడు, ఒంటి మీద హెర్దిస్ వాళ్ళ నాన్న పాత బూడిదరంగు స్వెట్టర్, తెడ్లు వేసుకుంటూ పోతున్నాడు. నాలుగు తెడ్లు వేసి ఆగి ఊపిరి పీల్చుకుంటున్నాడు. మళ్ళీ నాలుగు. ఇంజన్ లేదు, చప్పుడు లేదు, పైన ఆకాశంలో ఏమీ లేదు. రేవు చేరడానికి గంటా పది నిమిషాలు పట్టింది. హెర్దిస్ వంగి సంచీ అందుకుంది. గూళ్ళ వైపు నుంచి ఒక్క బాతు కూడా లేవలేదు.

మా షెడ్‌లోనూ మా నాన్న తెడ్ల పడవ ఉంది. కారదు కూడా. ఈ ఆలోచన నాకు తట్టనేలేదని రాద్దామని కలం పట్టుకున్నాను.

తట్టింది. మే 13నే తట్టింది. గంట పడుతుందని మానేశాను.